నాయకుడి పుట్టినిల్లు – ఊరి చరిత్ర

రావి నారాయణరెడ్డి గారి స్మృతిలో నాలుగు మాటలు చెప్పే బాధ్యత నాది. మహానాయకుల స్మారక సభల్లో వారి జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పుకోవడం పరిపాటి. నారాయణరెడ్డి గారి జీవితం ఈ సభకు కొత్త కాదు. ఆయనతో కలిసి నడిచినవారి పిల్లలు, మనుమలు ఈ ప్రాంతంలో ఊరూరా ఉన్నారు. అందుకే ఈ రోజు ఆయన పేరు మీద ఒక ప్రశ్నను మాత్రమే విచారించదలచాను. జాతి నాయకులు పుట్టి పెరిగిన ఇళ్లను మనం ఎందుకు కాపాడుకోవాలి? కాపాడుకున్న ఇంటి ముందు నిలబడి ఏమి చూడాలి?

ఈ ప్రశ్నకు లోకంలో చెల్లుబాటవుతున్న జవాబు ఒకటి ఉంది. నాయకుడు పూరింట్లో పుట్టాడు, పేదరికంలో పెరిగాడు, అంతటి వాడయ్యాడు. ఆ ఇంటిని చూసినవాడికి స్ఫూర్తి కలుగుతుంది. వినడానికి ఇంపైన జవాబే. ఎందరో పిల్లలకు ధైర్యమిచ్చిన జవాబు కూడా. కానీ అది సత్యంలో సగం మాత్రమేనని, ఆ సగం మిగతా సగాన్ని కప్పేస్తోందని నా వాదన. నాయకుడి పుట్టినిల్లు అతని గొప్పతనానికి సాక్ష్యం కాజాలదు. అది అతన్ని కన్న ఊరికి సాక్ష్యం: ఆ ఊళ్లో భూమి ఎవరిది, చదువు ఎవరికి అందింది, ఎవరి శ్రమ మీద ఏ ఇల్లు నిలిచింది అనేవాటికి సాక్ష్యం. ఇంటిని అలా చదివినప్పుడే నాయకుడు ఆ ఇంటి గడప దాటి ఎంత దూరం నడిచాడో తెలుస్తుంది. ఆయనకు మనమిచ్చే గౌరవానికి ఆధారం ఆ దూరమే.

పూరింటి కథకు లోకప్రసిద్ధమైన ఉదాహరణ వియత్నాంలో ఉంది. ఆ దేశపు న్ఘే ఆన్ రాష్ట్రం, నామ్ దాన్ ప్రాంతంలోని కిమ్ లియెన్‌కు ఏటా జనం తండోపతండాలుగా వెళతారు. అక్కడి హోవాంగ్ త్రు గ్రామంలో 1890 మే 19న న్గుయెన్ సిన్ కుంగ్ అనే పిల్లవాడు పుట్టాడు. తర్వాతి కాలంలో ప్రపంచం అతన్ని హోచిమిన్‌గా ఎరిగింది. గడ్డి కప్పు, వెదురు గోడలు, ఒక మగ్గం, కొద్దిపాటి సామాను: చూసినవారి మనసులో పేదరికం అన్న మాటే ముందు మెదులుతుంది. అయితే ఆ ఇల్లు చెప్పే కథ అంతటితో ఆగదు. దాన్ని కట్టించి ఇచ్చిన తాత పల్లెటూరి పంతులు. అనాథ అయిన న్గుయెన్ సిన్ సాక్‌ను చేరదీసి, చదువు చెప్పి, తన కూతురు హోవాంగ్ థి లోవాన్‌ను ఇచ్చి పెళ్లి చేశాడు. భర్త పరీక్షలకు చదువుకుంటుంటే ఆమె మగ్గం నేసి ఇల్లు నడిపింది. ఆమె 1901లో హ్యూ నగరంలో కన్నుమూసింది. అదే ఏడాది సాక్ రాజాస్థానపు ఉన్నత పరీక్షలో నెగ్గినప్పుడు, ఆయన స్వగ్రామమైన సెన్ వాసులు ఊరుమ్మడి సొమ్ముతో ఐదు గదుల ఇల్లు కట్టి ఆయనను పిలిపించుకున్నారు. ఫ్రెంచి పాలన మీద తిరగబడిన మేధావి ఫాన్ బోయ్ చౌ పుట్టింది కూడా ఆ నామ్ దాన్ ప్రాంతంలోనే. ఆ గడ్డి ఇంట్లో తాత చదువు ఉంది, తల్లి చెమట ఉంది, ఊరి పూనిక ఉంది, విద్వాంసులూ తిరుగుబాటుదారులూ పుట్టిన ఒక సీమ సంప్రదాయం ఉంది. పేదరికం అన్న ఒక్క మాట వీటిలో దేనినీ వివరించలేదు. పేదరికమే నాయకులను తయారుచేసేదైతే ఆ సీమలో ప్రతి ఇంటా ఒక హోచిమిన్ పుట్టి ఉండాలి.

పూరింటి మీద మమకారం ఎంత బలమైనదో అమెరికాలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అబ్రహాం లింకన్ 1809లో కెంటకీ రాష్ట్రంలో దుంగల గుడిసెలో పుట్టాడు. ఆ చోట 1911లో రాతి కట్టడంతో ఒక ఆలయాన్నే ప్రతిష్ఠించి, ఆయన బతికిన 56 ఏళ్లకు గుర్తుగా 56 మెట్లు కట్టి, లోపల ఒక దుంగల గుడిసెను నిలిపారు. 2004లో ఆ దుంగల వయసును శాస్త్రీయంగా పరీక్షించినప్పుడు, అవి లింకన్ పుట్టిన చాలా ఏళ్ల తర్వాత కొట్టిన చెట్లవని తేలింది. ఇందులో ఎవరి మోసాన్నీ వెతకనక్కరలేదు. జనానికి ఒక గుడిసె కావలసి వచ్చింది, గుడిసె దొరికింది. మన దేశంలో గాంధీ గారి విషయం దీనికి ఎదురుగా నిలుస్తుంది. ఆయన పుట్టిన పోరుబందరు ఇల్లు అంతస్తుల ఇల్లు, తండ్రి సంస్థానానికి దివాను. ఆ ఇంటి పక్కనే 1950లో వెలసిన కీర్తిమందిరాన్ని చూసివచ్చినవారెవరూ గాంధీ పేదింట్లో పుట్టలేదని ఆయనను తక్కువ చేయలేదు. ఆయన గొప్పతనం ఆ ఇంటిని విడిచి ఆయన చేరుకున్న చోట ఉందని దేశం గ్రహించింది.

ఇప్పుడు మన మెట్టసీమకు వద్దాం. కృష్ణా, మూసీ నదుల చుట్టూ ఎర్రచెల్కలు, బండరాళ్ల గుట్టలు, చెరువుల కింద కొద్దిపాటి వరి, మిగిలినదంతా వానను నమ్ముకున్న జొన్న, ఆముదం. ఈ నేల నుంచి వచ్చిన ముగ్గురిని తీసుకుంటాను. రావి నారాయణరెడ్డి గారు 1908లో భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో సంపన్న భూస్వామ్య కుటుంబంలో పుట్టారు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు, స్వగ్రామం ఇటిక్యాలపాడు. బూర్గుల రామకృష్ణారావు గారు 1899 మార్చి 13న కల్వకుర్తి తాలూకా పడకల్లులో పుట్టి, బూర్గుల గ్రామం పేరును ఇంటిపేరుగా నిలుపుకుని, పుణె ఫెర్గుసన్ కళాశాల దాకా వెళ్లి చదువుకున్నారు. ఈ ముగ్గురిలో ఎవరిదీ పూరిల్లు కాదు. పదిమందికి అక్షరం అందని కాలంలో ఆ ఇళ్లలో పుస్తకం ఉంది, పట్నం పంపి చదివించే స్తోమత ఉంది, ఊళ్లో మాట చెల్లే పలుకుబడి ఉంది. పూరింటి కొలతతో కొలిస్తే ఈ ముగ్గురికీ స్మారక గృహం దక్కదు. కొలతే తప్పని ఒప్పుకుంటే అసలు చరిత్ర మొదలవుతుంది.

ఆనాటి పటేలు ఇంటినో దేశ్‌ముఖు గడినో దగ్గరగా చూద్దాం. ఎత్తయిన దర్వాజ, దానికి ఇరువైపులా అరుగులు, లోపల నాలుగు వసారాల నడుమ ఆకాశం కనిపించే భవంతి, పక్కన ధాన్యం నింపే గరిసెలు, వెనక పశువుల దొడ్డి. అరుగు మీద ఎవరు కూర్చోవాలో, వాకిట్లో ఎవరు చేతులు కట్టుకుని నిలబడాలో, వాకిలి కూడా తొక్కకుండా దూరం నుంచే ఎవరు పిలవాలో ఊరందరికీ తెలుసు. గడి ముందు నుంచి పోయేవాడు చెప్పులు చేతబట్టుకునేవాడు. ఆ గోడలకు మట్టి తొక్కినవారు, గచ్చుకు సున్నం రుబ్బినవారు, దూలాలను బండ్ల మీద తోలుకొచ్చినవారు వెట్టివాళ్లు. కుమ్మరి కుండలిచ్చాడు, చాకలి బట్టలుతికాడు, మాదిగ చెప్పులు కుట్టి చాకిరీ చేశాడు. కూలి అడిగే హక్కు వీరిలో ఎవరికీ లేదు. గింజలు అప్పు తీసుకున్న రైతు నాగువడ్డీ కట్టలేక చెల్కను పోగొట్టుకునేవాడు. అలాంటి ఇంటి గోడకు పేర్లు చెక్కితే ఊళ్లోని అన్ని వాడల పేర్లూ ఎక్కుతాయి. దాన్ని ఒక కుటుంబపు ఆస్తిగా మాత్రమే చూసినవాడు సగమే చూసినట్టు.

ఆ సౌకర్యం మధ్య పుట్టినవారు దానితో ఏం చేశారన్నదే మన కొలత కావాలి. నారాయణరెడ్డి గారు 1930లలో హరిజన సేవక సంఘంలో పనిచేశారు. 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. 1941లో హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరులో, 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభకు అధ్యక్షులయ్యారు. మహాసభ సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు దిగిన ఘట్టం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అరుగుల మీద కూర్చునే సభ వాకిట్లో నిలబడే మనిషిదైన ఘట్టం అది. 1947 సెప్టెంబరు 11న మఖ్దూం మొహియుద్దీన్, బద్దం ఎల్లారెడ్డి గార్లతో కలిసి ఆయన నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఆ పోరాటం ఏ వర్గపు భూమి మీద గురిపెట్టిందో, ఆ వర్గంలోనే ఆయన పుట్టారు. తన భూమిని పేదలకు పంచి ఇచ్చారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి ఆయనకు వచ్చిన ఓట్లు 3,09,162. ప్రధాని నెహ్రూ గారికి వచ్చినవి 2,33,571. బొల్లేపల్లి ఇంటి నుంచి ఆ ఓటర్ల దాకా ఉన్న దూరాన్ని కొలిచినవాడికే ఆ అంకెల అర్థం తెలుస్తుంది.

సురవరం వారి నడక మరో దారిలో సాగింది. 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను బదులుగా నిలిపారు. ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాజుల వంశావళులను పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని అడిగింది. ఆ గ్రంథానికే 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. బూర్గుల వారు 1931లో దేవరకొండ మహాసభకు అధ్యక్షులు. 1952 నుంచి 1956 దాకా హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా, ఆ పైన కేరళ, ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. ఆయన రెవెన్యూ మంత్రిగా, ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే కౌలుదారుకు భూమి మీద రక్షణ కల్పించే చట్టం అమలులోకి వచ్చి బలపడింది. పోరాటంలోని వారికీ ప్రభుత్వంలోని వారికీ మధ్య తీవ్రమైన విభేదం ఉండేది, దాన్ని నేను తుడిచేయడం లేదు. కానీ ఒకరు ఉద్యమంతో, ఒకరు కలంతో, ఒకరు చట్టంతో తమ ఇల్లు తమకిచ్చినదాన్ని ఊరి లెక్కలోకి మళ్లించే ప్రయత్నం చేశారు. ఈ ముగ్గురినీ ఒకే చోట చూడగలిగేది ఆ లెక్కలోనే.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. నేను పేర్కొన్న ముగ్గురూ ఉన్నవాళ్ల బిడ్డలే కదా, త్యాగం చేయడానికి ఏదో ఒకటి ఉన్నవాడి త్యాగమే చరిత్రకెక్కుతుందా, పోగొట్టుకోవడానికి ప్రాణం తప్ప ఏమీ లేనివారి మాటేమిటి? ఈ ఆక్షేపణ న్యాయమైనది, నా వాదనకు అసలు పరీక్ష కూడా ఇదే. 1946 జూలై 4న కడవెండిలో తుపాకీ గుండుకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య, పాలకుర్తిలో తన పంట గింజల కోసం విసునూరు దేశ్‌ముఖును ఎదిరించిన చాకలి ఐలమ్మ, పాటతో, బుర్రకథతో ఊళ్లను కదిలించిన నేతబిడ్డ సుద్దాల హనుమంతు: వీరు లేకుండా ఆ పోరాటమే లేదు. కడవెండి, పాలకుర్తి ఆనాడు నల్లగొండ జిల్లాలోనివే. ఐలమ్మ ఇంటిని దేశ్‌ముఖు మనుషులు తగలబెట్టారు. కాలిపోయిన ఇంటిని స్మారక గృహంగా ఎలా కాపాడతాం? రాయీ సున్నంతో కట్టిన గడి వందేళ్లు నిలుస్తుంది. తాటికమ్మల గుడిసె, మట్టిగోడల ఇల్లు కప్పు మార్చే మనిషి లేకపోతే నాలుగు వానాకాలాల్లో నేలలో కలిసిపోతుంది. మిగిలినదాన్ని కాపాడితే చాలు అనుకుంటే మనకు తెలియకుండానే బలవంతుల చరిత్రను మాత్రమే కాపాడినవాళ్లమవుతాం. కనుక కట్టడం మిగలని చోట కట్టడానికి బదులు ఆధారాలను నిలబెట్టాలి. ఆ ఇల్లున్న చోటు గుర్తింపు, ఆ కుటుంబం కౌలుకు చేసిన భూమి వివరం, ఊరివారి నోటి చరిత్ర, వెట్టి చేసిన కుటుంబాల జాబితా ఒకచోట చేరాలి. గడి ఉన్న ఊళ్లో గడి పక్కనే ఈ వివరం నిలవాలి. అప్పుడే రెండూ కలిసి నిజం చెబుతాయి.

ఇలాగే కనుమరుగయ్యే మరో ఇల్లు తల్లి పుట్టిల్లు. హోచిమిన్ పుట్టింది తల్లి ఊళ్లో, కానీ జనం స్వగ్రామంగా చెప్పేది తండ్రి ఊరిని. పి.వి. నరసింహారావు గారు పుట్టింది తల్లి పుట్టిల్లయిన లక్నేపల్లిలో, దేశానికి తెలిసింది వంగర. కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారం ఉన్న మన సీమలో ఎందరో నాయకుల విషయంలో పుట్టిన ఊరు ఒకటి, పేరుకెక్కిన ఊరు మరొకటి. కిమ్ లియెన్‌లో ఆ మగ్గాన్ని నిలపకపోతే, కొడుకు నాయకుడు కావడంలో ఆ తల్లి చేతుల పాలు ఎంతో ఎవరికీ తోచేది కాదు. మన స్మారక గృహాల్లో పడక కుర్చీ, చేతికర్ర, కళ్లద్దాలు అపురూపంగా దాస్తాం. పిల్లవాడి మొదటి పదేళ్లను మోసిన తిరగలి, రోలు, బావిగిరక మాత్రం పాత సామాను కింద పోతాయి. తల్లి శ్రమ లేని బాల్యం లేదు కనుక అది కనిపించని ఇంటిని బాల్యగృహం అనలేం.

మరో ఆక్షేపణ ఖర్చును గురించినది. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిన నల్లగొండ పల్లెల్లో, వలస కూలీలను కన్న పాలమూరులో పాత ఇళ్లకు ప్రజాధనం పెట్టడం న్యాయమా అని అడుగుతారు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన చేతులు పాలమూరువి. ఆ కూలీల ఇళ్లలో కొన్ని ఏడాదిలో నెలల తరబడి తాళం పడి ఉండేవి, మరికొన్నింట ముసలివారే పిల్లలను సాకేవారు. తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లల బాల్యగృహం ఒక్కో చోట గుడారం, ఒక్కో చోట మేస్త్రీ చూపించిన రేకుల షెడ్డు. ఇంత బాధ మధ్య పాలరాతి మందిరాలు కడతామంటే నేనూ వ్యతిరేకిస్తాను. కానీ నేను అడుగుతున్నది ఊరికి పనికొచ్చే ఇల్లు. ఈ గడ్డ దానికి దారి ముందే చూపించింది. షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం స్థాపించారు, 1922లో నీలగిరి పత్రిక నడిపారు. తెలుగులో చదవడమే సాహసమైన నిజాం కాలంలో గ్రంథాలయమే మన తొలి ఉద్యమ వేదిక. నాయకుడి ఇంటి భవంతిలో సాయంత్రం పిల్లలు కూర్చుని చదువుకుంటే, వలస వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డకు అక్కడ ఒక దీపం, ఒక పుస్తకం, చెప్పే మనిషి దొరికితే ఆ ఖర్చు వృథా కాదు. నాయకుల బాల్యానికి అందిన చదువును, ఆ చదువు అందని బాల్యాలకు చేర్చడమే ఆ స్మారకానికి తగిన పని.

వ్యక్తిపూజ పెరుగుతుందన్న భయాన్ని కూడా నేను తేలికగా తీసుకోను. విగ్రహం పూజనే అడుగుతుంది, ప్రశ్నను అడగదు. ఇంటికి వేరే గుణం ఉంది. అందులో తిరిగేవాడికి వంటింటి పొగ, గరిసె, దొడ్డి, గుమ్మం బయటి చోటు అన్నీ ఎదురై, ఇక్కడ పని చేసిందెవరు అని అడగక తప్పదు. గడులను కూల్చేయాలన్నవారికీ ఇదే నా సమాధానం. వెట్టి అనుభవించినవారి ఆగ్రహం ధర్మాగ్రహం. కానీ గడి నేలమట్టమైతే దాని ముందు చెప్పులు విప్పినవాడి అవమానానికి ఉన్న ఏకైక సాక్ష్యం కూడా మట్టిలో కలుస్తుంది. దొర పేరు వైభవంగా చెప్పుకునే హోటలుగా మారితే ఆ సాక్ష్యం అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. వెట్టివారి పేర్లతో సహా నిలిపిన గడి మాత్రమే నిజం చెబుతుంది.

2016 జిల్లాల పునర్విభజనతో బొల్లేపల్లి యాదాద్రి భువనగిరికి, కడవెండి, పాలకుర్తి జనగామకు, బూర్గుల రంగారెడ్డికి, ఇటిక్యాలపాడు జోగులాంబ గద్వాలకు చెందాయి. పాలనకు ఆ గీతలు అవసరమే గానీ జ్ఞాపకానికి హద్దులు కాకూడదు. ఈ ఊళ్లన్నిటినీ ఒకే చరిత్ర కుట్టింది. ప్రతి ఉన్నత పాఠశాల తన ఊరి పాత ఇళ్లను, కూలిన గుడిసెల చోట్లను, వాటిలో బతికినవారి పేర్లను నమోదు చేసే పని చేపట్టాలని కోరుతున్నాను. పోరాట కాలాన్ని చిన్నతనంలోనైనా చూసినవారు ఇంకా కొద్దిమందే ఉన్నారు. వారి మాటను ఇప్పుడే రాసుకోకపోతే మరి దొరకదు. కాపాడుతున్న ప్రతి ఇంట్లో ఆ ఇంటి భూమి ఎంత, దాన్ని దున్నినవారెవరు, అది ఎవరి చేతికి పోయింది అనే మూడు వివరాలు గోడ మీద ఉండాలి.

నాయకుడు ఏ ఇంట్లో పుట్టాడన్నది అతని చేతిలో లేని సంగతి. పూరిల్లయితే పొగడనక్కరలేదు, మేడయితే దాచనక్కరలేదు. రావి నారాయణరెడ్డి గారికి పుట్టుకతో భూమి, చదువు, పేరు దక్కాయి. ఆ మూడింటినీ ఆయన ఊరికి తిరిగి అప్పజెప్పారు. ఆ లెక్క మనకు కూడా వర్తిస్తుంది. మన ఇల్లు మనకు ఏమిచ్చింది, అందులో ఎవరి శ్రమ ఉంది, దాన్ని మనం ఎవరికి అప్పజెబుతున్నాం? నాయకుడి పుట్టినిల్లు తన గడప తొక్కిన ప్రతి మనిషినీ ఈ ప్రశ్న అడిగేలా మనం దాన్ని నిలపగలిగితే, అదే ఆయనకు తగిన స్మారకం.